పొగ నుంచి ఈ-సున్నా దాకా

హైదరాబాదు శివారులోని ఆదిభట్ల పేరు చెబితే ఇవాళ విమానాలు గుర్తొస్తాయి. సీ-130జే రవాణా విమానం తోకభాగం ఇక్కడి టాటా–లాక్‌హీడ్ మార్టిన్ కర్మాగారంలో తయారవుతుంది. 2018లో ప్రారంభమైన టాటా–బోయింగ్ కేంద్రం అపాచీ హెలికాప్టర్ల బాడీలు కడుతోంది. ఆ షెడ్లకూ టీసీఎస్ క్యాంపస్‌కూ చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్ల వంటిళ్లలో మరో రకం యంత్రం ఉంది: ఇండక్షన్ పొయ్యి, కాస్త ఉన్నవాళ్లింట్లోనైతే గోడలో అమర్చిన ఓవెన్. ఏదైనా తేడా వస్తే అది కూతపెట్టి, తెర మీద ఒక అక్షరం, ఒక అంకె చూపించి ఊరుకుంటుంది. యంత్రం తన రోగం తానే చెప్పుకునే కాలం వచ్చిందని అమ్మేవాళ్లు మురిపిస్తారు. నాకు ఈ మాటతోనే పేచీ. పొయ్యి తన రోగం ఎప్పుడూ చెప్పుకుంటూనే వచ్చింది. మధ్యలో ఆ మాట తెలిసిన మనిషి మారింది. మార్చింది సాంకేతిక అవసరం ఒక్కటే అనుకుంటే ఈ ప్రాంతపు పొయ్యిల చరిత్ర ఒప్పుకోదు.

ఆముదం, కంది, జొన్న పండిన ఈ మెట్టనేలలో పొయ్యికింద కాలినవీ ఆ చేలల్లోవే: కందికట్టె, ఆముదపు మోళ్లు, గట్ల మీది తుమ్మ, వాటికి తోడు పిడకలు. కందికట్టె భగ్గున మండి చప్పున ఆరుతుంది, తుమ్మ నిదానంగా నిప్పు నిలుపుతుంది. పొగ కళ్లలో కొడితే దానికి నాలుగైదు కారణాలు ఉండొచ్చు. కట్టె పచ్చిది కావచ్చు, బూడిద నిండి గాలి ఆడకపోవచ్చు, పొయ్యిగడ్డలు అరిగి గిన్నె అడుగు మంటను నొక్కేస్తుండొచ్చు, ఆ పూట గాలే ఎదురు తిరిగి ఉండొచ్చు. వంటామె ఊదుగొట్టం అందుకునేలోపే వీటిలో ఏదో తేల్చుకునేది. బూడిద తీయడం, కట్టెలు ఎడం చేయడం, ఎర్రమట్టితో గడ్డ ఎత్తు పెంచి అలకడం, అంతా ఆమె చేతి పనే. ఇక్కడ గమనించాల్సిందేమంటే, పొగ వచ్చిన ప్రతిసారీ పొయ్యి చెడిందని ఆమె అనుకోలేదు. పొగ లక్షణమనీ, కారణం పొయ్యికి బయట కూడా ఉండొచ్చనీ ఆమెకు తెలుసు. ఈ రెండింటి తేడా తెలియడమే రిపేరు విద్యకు మొదటి మెట్టు.

ఆ విద్య చేతులు మారితే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం హైదరాబాదులోనే ఉంది. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు రూపొందించిన పొగరాని పొయ్యి, ఆ సంస్థ తొలి అక్షరాలతో హెర్ల్ చుల్హాగా దేశమంతా పేరుపొందింది. ఆయన ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్’ 1953లో వచ్చింది. మట్టితోనే కట్టి, ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు వేడెక్కేలా చేసి, పొగను గొట్టంలోంచి బయటికి పంపే పొయ్యి అది. ఆలోచనలో లోటేమీ లేదు. ఇదే బాటలో కేంద్ర ప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించి, 2002లో ముగించింది. వాటిలో చాలా భాగం కొన్నాళ్లకే మూలపడ్డాయి. గొట్టంలో మసి పేరుకుంటే పొగ వెనక్కి తంతుంది, గొట్టం పగిలితే మార్చడానికి ఊళ్లో దొరకదు, కట్టిన మేస్త్రీ మళ్లీ ఆ గడప తొక్కడు. పెద్ద గిన్నె పట్టడం లేదని పొయ్యి నోరు వెడల్పు చేసుకుంటే గాలి లాగుడే పోతుంది. కట్టె ఊరికే దొరికే చోట ఆదా ఎవరికి కావాలని వాదించేవాళ్లున్నారు, అందులోనూ నిజముంది. కానీ పొగ వద్దనుకున్న ఇళ్లలో కూడా ఆ పొయ్యి నిలబడకపోవడానికి ఆ కారణం చాలదు. వంటామెకు తెలిసిన పొయ్యిని తీసేసి, లోపమొస్తే బాగుచేసుకునే దారి చెప్పని పొయ్యిని ఇచ్చారు.

తెలంగాణలో గాసునూనె అనే కిరసనాయిలు కథ వేరు. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్ స్టవ్ సంతతి మన పంపుస్టవ్. అది పూర్తిగా పరాయి యంత్రమైనా వంటిల్లు దాని భాషను నేర్చేసుకుంది. మంట పచ్చబడి మసి కక్కితే సన్నరంధ్రం మూసుకుందని పిన్ను పెట్టేవాళ్లు. పంపు ఎంత కొట్టినా గాలి పట్టకపోతే తోలు వాషరు ఎండిందని రెండు చుక్కల నూనె వేసేవాళ్లు. బర్నరు సరిగా వేడెక్కకుండానే పంపు కొడితే నూనె ఆవిరి కాకుండా మంటై లేస్తుంది. అది నిజంగా భయపడాల్సిన లోపం. అయితే ఇదే స్టవ్ మరో పాఠం కూడా మిగిల్చింది. ‘స్టవ్ పేలి మృతి’ అన్న మాట వెనక ఎన్నో వరకట్నపు హత్యలు దాక్కున్నాయి. శిక్షాస్మృతిలో భర్త, అత్తింటివారి క్రూరత్వంపై 1983లో 498-ఏ, వరకట్న మృతిపై 1986లో 304-బి చేర్చాల్సి వచ్చిన కాలమది. స్టవ్‌ను విప్పి చూడకుండా, పైకి చెప్పిన మాటనే కారణంగా రాసుకుంటే ఎంత అన్యాయం దాగిపోతుందో చెప్పడానికి ఇంతకంటే చేదు ఉదాహరణ అక్కర్లేదు.

గ్యాసు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన దీపం పథకం దాన్ని పల్లెల వంటిళ్లకు చేర్చింది, నీలిమంట పసుపైతే బర్నరు కడగాలని అందరికీ తెలిసింది. 2012 సెప్టెంబరులో సబ్సిడీ సిలిండర్లను ఏడాదికి ఆరుకు కుదించాక ఇండక్షన్ పొయ్యి వైపు చూపులు మళ్లాయి. అసలు చిక్కు అక్కడ మొదలైంది. ఒక కంపెనీ పొయ్యిలో ఈ-0 అంటే గిన్నె లేదని, మరో కంపెనీకి అదే సంగతి ఈ-1. ఓల్టేజీ తగ్గిందని ఒకటి చూపే అంకె, ఇంకోదానిలో లోపలి భాగాలు వేడెక్కాయని చెబుతుంది. ఓల్టేజీ కోడు వస్తే చాలాసార్లు లోపం వీధి తీగల్లో ఉంటుంది, పొయ్యి నిక్షేపంగా ఉంటుంది. పచ్చికట్టె పొగలాంటిదే ఇదీ. తేడా ఏమంటే, కట్టె పచ్చిదని చేత్తో పట్టుకుంటే తెలిసేది.

ఓవెన్ సంగతి ఇంకా తేట. చాలా ఓవెన్లలో వేడిని కొలిచేది చిన్న ప్లాటినం సెన్సార్, గది వేడిలో దాని నిరోధం సుమారు 1,100 ఓములు. ఆ విలువ హద్దు దాటితే బోర్డు ‘సెన్సార్ లోపం’ కోడు వేస్తుంది. నిజానికి బోర్డుకు తెలిసింది తన దగ్గరికొచ్చిన విలువ ఒక్కటే. సెన్సార్ తెగిందా, వేడికి కనెక్టరు మాడిందా, మధ్యలో తీగ వదులైందా, బోర్డే తప్పు చదువుతోందా, ఇవేవీ దానికి తెలియవు. అందుకే పని తెలిసిన మెకానిక్ కరెంటు తీసేసి ముందు సెన్సార్ కాళ్ల దగ్గర మల్టీమీటరు పెడతాడు, ఆ తర్వాత తీగ రెండో కొసన బోర్డు దగ్గర పెడతాడు. రెండు చోట్లా విలువ సరిపోతే సెన్సార్ నిర్దోషి, బోర్డును అనుమానించాలి. మొదటిచోట సరిగా ఉండి రెండోచోట తేడా కొడితే దారిలో తీగో కనెక్టరో దోషి. పని తెలియనివాడు కోడు చూసి సెన్సార్ మారుస్తాడు, అది పనిచేయకపోతే బోర్డు మారుస్తాడు, బిల్లు కొత్త ఓవెన్ ధరను తాకుతుంది. కోడు ఎక్కడ వెతకాలో చెబుతుంది, వెతికే పని మిగిలే ఉంటుంది.

పాత పొయ్యిని తలచుకుని కన్నీళ్లు పెట్టడం ఏమిటని అడగొచ్చు. ఆ విద్య ఆడవాళ్లు తమ కళ్లతో, ఊపిరితిత్తులతో మూల్యం కట్టి నేర్చినది. కట్టెల పొయ్యి మళ్లీ రావాలని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇంకో అభ్యంతరం బరువైనది: ఇండక్షన్ బోర్డు మీది కెపాసిటర్‌లో మూడు వందల ఓల్టులకు పైగా నిలవుంటుంది, తెలియక ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి వివరాలు కంపెనీ దగ్గరే ఉండాలి. ప్రమాదం నిజమే. కానీ ప్రమాదం ఎక్కువైతే సమాచారం దాచాలన్న సూత్రం నిలబడేదైతే ముందు విమానాల్లో నిలబడాలి. అక్కడ జరిగింది తద్విరుద్ధం. విమానాన్ని రూపొందించిన సంస్థ దాన్ని ఎగరడానికి తగిన స్థితిలో ఉంచే సూచనలు రాసివ్వాలని నియమాలే శాసించాయి, లోపపు కోడు నుంచి మెట్టుమెట్టుగా కారణం దాకా నడిపించే మాన్యువల్ లైసెన్సున్న మెకానిక్ చేతిలో ఉంటుంది. ఎవరి కోడు వాళ్లదే, కలపడం కుదరదనేవాళ్లకు కార్లే జవాబు: 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి పెట్రోలు కారులోనూ పీ0300 అంటే ఇంజను మిస్‌ఫైరే, ఏ కంపెనీదైనా సరే. చట్టం అడిగింది, కంపెనీలు చేశాయి. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. ఈ-0కు అన్ని పొయ్యిల్లోనూ ఒకే అర్థం ఉండాలనే నియమం మాత్రం ఇంకా లేదు. ఆదిభట్ల షెడ్డులోంచి కదిలే ప్రతి విమానభాగం వెంట దాని కాగితాలూ కదులుతాయి. నాలుగడుగుల అవతలి వంటింట్లో పొయ్యి పెట్టెలో వచ్చే కరపత్రం చివర కోడుల పట్టిక ఉంటుంది. చాలా కోడుల ఎదుట ‘పరిష్కారం’ గడిలో సర్వీస్ సెంటర్‌ను సంప్రదించమని మాత్రమే రాసి ఉంటుంది.