నింటెండో ఎదుటివాళ్ళతో పోటీ పడాలా, తన దోవన తాను పోవాలా?



మధుర నాయకుల కథ తరువాయి భాగం కోసం చూస్తున్నవాళ్ళు ఈ ఒక్క వారం మన్నించాలి. ఈసారి జపాను దేశం పోతున్నాము. దీనికి కారణం మన సంఘం పిలకాయలే.

పోయిన నెల ఒక ఆదివారం తెలుగు తరగతి ముగిసినాక హాలులో పెద్ద వాదన లేచింది. ఇంజనీరింగు చదివే అబ్బాయి ఒకడు, "నింటెండో యంత్రాలు చేసేది మానేసి, ఆటలు మాత్రం చేసి సోనీకీ మైక్రోసాఫ్టుకీ అమ్ముకుంటే బాగుపడుతుంది. వాళ్ళ యంత్రాల బలం ముందు దీని బలమెంత?" అన్నాడు. పన్నెండో తరగతి పాప ఒకతె ఒప్పుకోలేదు. "బలం తక్కువైనా జనం కొంటున్నారు కదా అన్నా" అంది. మేము పెద్దవాళ్ళం నలుగురం పక్కన కూర్చొని కాఫీ తాగుతున్నాము. "మీరేమంటారు తాతా?" అని అడిగారు. ఏమనాలో మాకు తెలియలేదు. ఇంటికి వచ్చి నెల దినాలు దొరికింది దొరికినట్టు చదివాము. చదివినకొద్దీ ఇది ఆటబొమ్మల కథ కాదనీ, ఒక వ్యాపార కుటుంబం చరిత్ర అనీ తెలిసింది.

నింటెండో పుట్టింది 1889లో, క్యోటో నగరంలో. ఫుసాజిరో యామౌచి అనే ఆయన హనఫుదా అనే పూలబొమ్మల పేకముక్కలు చేసి అమ్మే కొట్టు పెట్టాడు. రైల్వేలో అట్ట టికెట్లు లెక్కపెట్టి, తేదీ మిషనులో ఒకటొకటిగా కొట్టి ఇచ్చిన చేతులు మావి. చిన్న అట్టముక్కలను నమ్ముకొని ఒక సంస్థ అరవై డెబ్బై ఏళ్ళు బతికిందంటే మాకు ఆశ్చర్యం లేదు.

1949లో ఆయన మునిమనవడు హిరోషి యామౌచి పగ్గాలు పట్టాడు. అప్పటికి వయసు 22. పేకముక్కలతో ఎంత దూరం పోగలమని ఆలోచించి టాక్సీలు నడిపాడు, వేడినీళ్ళు పోస్తే తయారయ్యే అన్నం అమ్మాడు. ఏదీ నిలవలేదు. చివరకు దారి చూపింది ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే గుంపెయ్ యొకోయ్ అనే ఉద్యోగి. తీరిక వేళలో ఆయన చేసుకున్న ఒక చేతి బొమ్మ, మడతలు విప్పితే సాగి దూరంలోని వస్తువును పట్టుకునేది, యామౌచి కంటపడింది. 1966లో 'అల్ట్రా హ్యాండ్' పేరుతో అమ్మితే పది లక్షలకు మించి పోయింది.

ఈ యొకోయ్ ఒక పొద్దు బుల్లెట్ రైలులో పోతుంటే, ఎదుట కూర్చున్న ఉద్యోగస్తుడు పొద్దుపోక కాలిక్యులేటర్ బటన్లు ఊరికే నొక్కుతున్నాడట. అది చూసి, చేతిలో ఇమిడే ఆట చేస్తే బాగుంటుంది కదా అనుకున్నాడు. అలా 1980లో 'గేమ్ అండ్ వాచ్' వచ్చింది. కాలిక్యులేటర్ల కోసం అప్పటికే చవకగా దొరుకుతున్న తెరనే అందులో వాడారు. యొకోయ్ సూత్రం ఇది: కొత్తగా వచ్చిన ఖరీదైన సాంకేతికం వెంట పడకూడదు. నలిగి పాతబడి, చవకై, లోపాలన్నీ తెలిసిపోయినదాన్ని తీసుకోవాలి, దాన్ని ఎవరూ అనుకోని పనికి వాడాలి. నింటెండో వ్యూహం మొత్తం ఈ మాటలో ఉంది. ముందు వచ్చే విషయాలన్నిటికీ ఇదే తాళంచెవి.

1983 జులై 15న నింటెండో టీవీకి తగిలించే 'ఫామికామ్' యంత్రాన్ని 14,800 యెన్లకు విడుదల చేసింది. విచిత్రమేమిటంటే అదే రోజున సెగా అనే ఇంకో జపాను సంస్థ కూడా తన మొదటి యంత్రాన్ని తెచ్చింది. ఇద్దరి పోటీ ఒకే ముహూర్తాన మొదలైంది. అదే ఏడాది అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం ఆటలు సంతలో గుట్టలు పడి, అటారి సంస్థ అమ్ముడుపోని సరుకును న్యూ మెక్సికో ఎడారిలో పాతిపెట్టింది. నింటెండో 1985లో ఆ దేశంలో అడుగుపెట్టినప్పుడు దుకాణందారులు మొహం చాటేశారు. అందుకని నింటెండో గట్టి కట్టుబాట్లు పెట్టింది. తన అనుమతి లేని ఆట యంత్రంలో నడవకుండా తాళం చిప్ పెట్టింది. బయటి సంస్థ ఏదైనా ఏడాదికి ఐదు ఆటలకు మించి తేకూడదంది. క్యాసెట్లు తానే తయారు చేసి ఇస్తానంది. కొనేవాడికి నమ్మకం కుదిరింది. ఆట చేసి అమ్మేవాడికి మాత్రం మెడకు తాడు బిగిసింది. ఈ రెండోది గుర్తు పెట్టుకోండి, తరువాత పని చేస్తుంది.

1990లలో మా అబ్బాయి కోసం చెన్నై బర్మా బజారులో పేరూ ఊరూ లేని టీవీ గేము పెట్టె ఒకటి కొన్నాము. ఒకే క్యాసెట్లో వందల ఆటలని రాసుండేది, వేసి చూస్తే పదో పదిహేనో ఉండేవి. అది ఫామికామ్‌కు దొంగనకలని ఇప్పుడు చదివితే తెలిసింది. అంటే మనమూ తెలియకుండానే ఈ చరిత్రలో ఉన్నాము.

1989లో యొకోయ్ బృందం చేతిలో పట్టుకొని ఆడే 'గేమ్ బాయ్' తెచ్చింది. రంగులు లేవు, ఆకుపచ్చ తెర, నాలుగు సెల్లులు. ఎదురుగా సెగా 'గేమ్ గేర్' తెచ్చింది. అది రంగుల తెర, లోపల దీపం, చూడముచ్చట. అయితే ఆరు సెల్లులు నాలుగైదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్ అంతకు రెండు మూడింతలు నడిచేది, ధర తక్కువ, కిందపడినా పనిచేసేది. చివరి లెక్క చూస్తే గేమ్ గేర్ కోటికి కాస్త పైన. గేమ్ బాయ్ దాని రంగుల తమ్ముడితో కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైన. సెల్లులు కొనిపెట్టే తండ్రి జేబు ఎంతో యొకోయ్‌కు తెలుసు.

ఇంతవరకు చదివి నింటెండోవాళ్ళే తెలివైనవాళ్ళు అనుకుంటే పొరపాటు. అసలు దెబ్బ వాళ్ళకు వాళ్ళే కొట్టుకున్నారు. సోనీవాళ్ళు అప్పుడు వాళ్ళకు పోటీదారు కాదు, భాగస్వామి. నింటెండో యంత్రంలో ధ్వని చిప్ సోనీ ఇంజనీరు కెన్ కుతరాగి చేసినదే. ఇద్దరూ కలిసి సీడీతో నడిచే యంత్రం చేయాలని ఒప్పందం ఉండింది. 1991 జూన్‌లో చికాగో ప్రదర్శనలో సోనీ దాన్ని ప్రకటించింది. మర్నాడే నింటెండో, మేము ఫిలిప్స్‌తో పోతున్నాము అని అదే ప్రదర్శనలో చెప్పింది. సీడీ ఆటల మీద పెత్తనం సోనీ చేతికి పోతుందన్నది వాళ్ళ భయం. భయం నిజమైనదే. కానీ నలుగురిలో అవమానించిన తీరు వేరు. ఆ అవమానంలోంచే 1994 డిసెంబరులో ప్లేస్టేషన్ పుట్టింది. నింటెండో చరిత్రలో అతి పెద్ద పోటీదారు నింటెండో చేజేతులా తెచ్చుకున్నవాడే.

తరువాత 1996లో వచ్చిన నింటెండో 64 క్యాసెట్టునే పట్టుకొని కూర్చుంది. సీడీ చవక, అందులో ఎక్కువ పడుతుంది. పాత కట్టుబాట్లతో విసిగిన ఆటల సంస్థలు సోనీ వైపు నడిచాయి. 'ఫైనల్ ఫాంటసీ' ఆటలు నింటెండోకు ఇస్తూ వచ్చిన స్క్వేర్ సంస్థ, ఏడో ఆటను 1997లో ప్లేస్టేషన్‌కు ఇచ్చింది. ప్లేస్టేషన్ పది కోట్లు దాటింది, నింటెండో 64 మూడు కోట్ల 29 లక్షల దగ్గర ఆగింది. పాతదాన్ని కొత్తగా వాడడం వేరు, పాతదాన్ని వదలలేకపోవడం వేరు.

సెగా సంగతి ఇంకా కష్టం. ధైర్యంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. 1991లో సోనిక్ అనే నీలిరంగు ముళ్ళపంది బొమ్మతో అమెరికాలో నింటెండోకు చెమటలు పట్టించారు. కానీ 1994 చివర పాత యంత్రం మీద తగిలించే 32ఎక్స్ అనే ముక్కను అమ్మి, ఆరు నెలలు తిరక్కముందే సాటర్న్ అనే వేరే యంత్రం తెచ్చారు. కొన్నవాళ్ళు మోసపోయామనుకున్నారు. సాటర్న్ సెప్టెంబరులో వస్తుందని చెప్పి, 1995 మేలో లాస్ ఏంజెలిస్ ప్రదర్శనలో లేచి, ఈ పొద్దే అమ్మకానికి ఉంది, ధర 399 డాలర్లు అన్నారు. ఆ సరుకు ఇచ్చింది నాలుగు దుకాణ సంస్థలకే. తక్కిన దుకాణందార్లకు కోపం వచ్చింది, ఆటలు చేసేవాళ్ళ సరుకు ఇంకా సిద్ధం కాలేదు. అదే ప్రదర్శనలో సోనీ తరఫు మనిషి వేదిక ఎక్కి "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. సెగా ఆ దెబ్బనుంచి లేవలేదు. తరువాతి డ్రీమ్‌కాస్ట్ మంచి యంత్రమే, కానీ నమ్మకం అప్పటికే పోయింది. 2001 జనవరిలో యంత్రాల వ్యాపారం మానేస్తున్నామని ప్రకటించారు. అధ్యక్షుడు ఇసావో ఒకావా తన సొంత ఆస్తిలో పెద్ద భాగం కంపెనీకి ఇచ్చేసి మార్చిలో కన్నుమూశారు. ఆ ఏడాది చివరకు సోనిక్ ఆట నింటెండో యంత్రం మీదే వచ్చింది. మన ఇంజనీరింగు అబ్బాయి చెప్పిన దారి ఇదే. సెగా దాన్ని ఎంచుకోలేదు, అన్నీ పోయినాక మిగిలిన దారి అది.

నింటెండో కూడా ఒకసారి బలానికి బలం అని దిగింది. 2001 నాటి గేమ్‌క్యూబ్ ప్లేస్టేషన్ 2కు బలంలో తీసిపోదు. అయినా 2 కోట్ల 17 లక్షలే అమ్ముడైంది, ప్లేస్టేషన్ 2 పదిహేను కోట్లు దాటింది. అప్పుడు కొత్త అధ్యక్షుడు సతోరు ఇవాతా, ఆటలు ఆడేవాళ్ళ కోసం కొట్లాడక, ఆడనివాళ్ళ దగ్గరకు పోదామన్నాడు. 2006లో వచ్చిన వీ యంత్రం లోపల గేమ్‌క్యూబ్ సరుకే, చేతిలో టీవీ రిమోట్ లాంటి కర్ర. చెయ్యి ఊపితే తెర మీద బంతి దొర్లుతుంది. అవ్వలూ తాతలూ ఆడారు. పది కోట్లు దాటింది. యొకోయ్ 1997లో రోడ్డు ప్రమాదంలో పోయాడు కానీ ఆయన మాట బతికే ఉంది.

సొంత దోవ ఎప్పుడూ గెలిపిస్తుందా అంటే, లేదు. 2012 నాటి వీ యూ ఏమిటో జనానికి అర్థమే కాలేదు. పాత వీకి తగిలించే పలక అనుకున్నారు. కోటీ 35 లక్షలతో ముగిసింది. ఆ రోజుల్లోనే ఇంజనీరింగు అబ్బాయి వాదన ప్రపంచమంతా వినిపించింది: యంత్రాలు మానండి, ఫోన్లకు ఆటలు చేయండి, మనుషులను తగ్గించండి. ఇవాతా మనుషులను తీయలేదు. భయంతో పనిచేసేవాడు జనం మనసు తాకే ఆట చేయలేడన్నది ఆయన పట్టుదల. 2011లో ఒకసారి, 2014లో ఒకసారి తన జీతం సగానికి తగ్గించుకున్నాడు. 2015 జులైలో, 55 ఏళ్ళకే చనిపోయాడు. ఆ ఉద్యోగులే 2017 మార్చిలో స్విచ్ తెచ్చారు. ఇంట్లో టీవీకి, బయట చేతికి. పదిహేను కోట్లు దాటింది. ఆయన చూడలేదు.

కాబట్టి పిలకాయల వాదనకు మా తీర్పు ఇది. పాప చెప్పింది చాలావరకు సరి, కారణం మాత్రం సగమే. బలం తక్కువైనందుకు జనం కొనలేదు. తమ జేబు, తమ ఇల్లు ఎరిగినవాడని కొన్నారు. ఎదుటివాడి బలంతో కూలిన ఇల్లు ఈ కథలో మాకు కనపడలేదు. కొన్నవాడికీ, అమ్మిపెట్టేవాడికీ, కలిసి పనిచేసేవాడికీ ఇచ్చిన మాట తప్పినప్పుడే దెబ్బ తగిలింది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 నాలుగు రోజుల్లో 35 లక్షలు పోయిందట, సంతోషమే. కానీ విడుదలైనప్పుడు అమెరికాలో యంత్రం ధర దాదాపు 450 డాలర్లు, పెద్ద ఆటల్లో ఒకదాని ధర 80 ఉండింది. తండ్రి జేబు ఎరిగిన యొకోయ్ ఇల్లు ఇదేనా అన్న అనుమానం మాకుంది. వచ్చే వాదన దాని మీద పెట్టుకోండి.

ఒక్క మాట మన గురించి. ఆదివారం తరగతికి వచ్చేది పదకొండుమంది. పక్క వీధి కోచింగు సెంటరుతో పోటీ పడలేము, మూసేద్దామని పోయిన మీటింగులో కొందరు అన్నారు. మేము తమిళ మీడియంలో చదివి, నలభై దాటినాక ఈ హాలులోనే పలక పట్టి అక్షరాలు దిద్దుకున్నాము. ఈ కథంతా మీకు తెలుగులో రాయగలిగింది అందుకే. కోచింగు సెంటరులా కావాల్సిన పని మనకు లేదు. ఆదివారం పది గంటలకు తలుపు తీస్తామని పిలకాయలకు చెప్పాము, తీద్దాం. ఓటు వేసేముందు ఇది తలచుకోండి.

అక్షర దోషాలుంటే ఎప్పటిలాగే దిద్దండి. తిరుమల నాయకుడు వచ్చే వారం తప్పక వస్తాడు.