ఫిస్కే–సుబ్బారావు పద్ధతి

రక్తం, మూత్రం, కణజాలం వంటి వాటిలో ఉన్న ఫాస్ఫరస్‌ను రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే రసాయన విధానమే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) దీన్ని రూపొందించారు. 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ఇది వెలువడింది. తెలుగునాట సుబ్బారావు పేరు ఏటీపీతోనో, ఫోలిక్ ఆమ్లంతోనో కలిసి వినబడుతుంది; ఈ పద్ధతి ప్రస్తావన వచ్చినా తొలి మెట్టుగానే వస్తుంది. ప్రయోగాలు నడిచిన తీరును గమనిస్తే మాత్రం ఆ అంచనా సరిపోదు. కొలత నమ్మదగినదైనప్పుడే దానికి లొంగని ఫలితం విలువైన ఆధారమవుతుంది. కండర శక్తి గురించి ఆ ప్రయోగశాల చెప్పగలిగినదంతా ఈ సూత్రం మీదే నిలబడింది.

పద్ధతి సారాంశం సులభమే. ముందుగా నమూనాలోని ప్రొటీన్లను ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో అవక్షేపంగా మార్చి వడపోస్తారు. ఆ తేటలో ఉన్న అకర్బన ఫాస్ఫేట్ ఆమ్ల మాధ్యమంలో అమ్మోనియం మాలిబ్డేట్‌తో కలిసి ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లంగా మారుతుంది. దానికి తగిన క్షయకరణిని చేర్చితే ‘మాలిబ్డినం నీలం’ అనే రంగు తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. తెలిసిన గాఢత గల ద్రావణపు రంగుతో కలరీమీటర్‌లో పోల్చి పరిమాణం లెక్క కడతారు. ఈ ఆలోచన 1925కి కొత్త కాదు. 1920లో బెల్, డాయిజీ, ఆ తర్వాత బ్రిగ్స్ హైడ్రోక్వినోన్‌ను క్షయకరణిగా వాడి ఇదే పని చేశారు. ఫిస్కే, సుబ్బారావు దాని స్థానంలో అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని పెట్టారు. దాంతో రంగు త్వరగా వచ్చింది; నమూనాలోని ఇతర పదార్థాల అడ్డు తగ్గింది. పైకి ఇది ఒక రసాయనాన్ని మార్చడమే. ఆ మార్పు విలువ తెలిసిన చోట అది జరిగింది. విభాగాధిపతి ఆటో ఫోలిన్ అప్పటికే రక్తంలోని చక్కెర వంటి వాటిని రంగుతో కొలిచే పద్ధతులకు పేరుపొందినవాడు. కొలతను మెరుగుపరచడమే పరిశోధనగా లెక్కకొచ్చే వాతావరణం అది.

ఈ పద్ధతిని కండరం నుంచి తీసిన తేట మీద వాడినప్పుడు రంగు వెంటనే స్థిరపడలేదు. నిమిషాలు గడిచేకొద్దీ నీలం చిక్కబడుతూ పోయింది. నెమ్మదిగా రంగు తేలే పాత పద్ధతిలో ఈ తేడా సులభంగా మరుగున పడేది. ఇక్కడ మాత్రం అకర్బన ఫాస్ఫేట్ రంగు త్వరగానే వస్తుందని ముందే రూఢి అయింది. కాబట్టి ఆలస్యంగా వస్తున్న రంగుకు మూలం మరొకటి ఉండాలి: ఆమ్ల మాలిబ్డేట్‌లో విడిపోతూ కొంచెం కొంచెంగా ఫాస్ఫేట్‌ను వదిలే అస్థిర పదార్థం. దాన్ని వెంబడిస్తే క్రియాటిన్, ఫాస్ఫారిక్ ఆమ్లం అణువుకు అణువుగా కలిసిన ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో తేలింది. కండరాన్ని విద్యుత్తుతో పని చేయించినప్పుడు అది తరుగుతోందని, విశ్రాంతిలో తిరిగి పేరుకుంటోందని కూడా వారు చూపారు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న వాదం బలంగా ఉన్న రోజులవి. ఆ వాదంతో ముడిపడిన కండర పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్ 1922 నోబెల్ బహుమతి అందుకున్నారు. 1930లో లుండ్స్‌గార్డ్ అనే శాస్త్రవేత్త అయొడోఎసిటేట్‌తో లాక్టిక్ ఆమ్లం తయారీని ఆపేసినా కండరం కొంతసేపు ముడుచుకోగలదని, అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందని నిరూపించాడు. దాంతో ఆ వాదం నిలవలేదు.

ఈ పద్ధతిని కేవలం తొలి మెట్టుగా చూడరాదన్న వాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, ఈ పద్ధతి లేకపోయినా ఫలితం దక్కేదే కదా అన్నది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఎగిల్టన్ దంపతులు 1927లోనే కండరంలో అస్థిర ఫాస్ఫేట్‌ను గుర్తించి ‘ఫాస్ఫాజెన్’ అని పేరుపెట్టారు. ఫిస్కే, సుబ్బారావు ఆ తర్వాత కండరంలో గుర్తించిన ఏటీపీ విషయంలోనూ జర్మనీలో కార్ల్ లోమాన్ 1929లో స్వతంత్రంగా అక్కడికే చేరాడు. అతని ప్రకటన హార్వర్డ్ ప్రకటన కంటే ముందే వచ్చింది. ఏటీపీని సుబ్బారావు ఒక్కడే కనుగొన్నాడని రాయడం అందువల్ల సరికాదు. అయితే ఎగిల్టన్ దంపతులు ఉనికిని పసిగట్టిన పదార్థంలో ఫాస్ఫేట్‌తో జతకట్టింది క్రియాటిన్ అని తేల్చింది హార్వర్డ్ జంటే. పోటీలో ఎవరు ముందన్న లెక్కలో సుబ్బారావు వాటా చిన్నదైనట్టు కనిపించవచ్చు. పోటీదారులకు సైతం పనికొచ్చే కొలబద్దను ఇచ్చినవాడిగా చూస్తే అది పెరుగుతుంది.

రెండో అభ్యంతరం ఇంకాస్త లోతైనది: కొలిచే పద్ధతి ఎంత మంచిదైనా పనిముట్టే, ప్రకృతి గురించి కొత్త సత్యమేదీ అది చెప్పదు. ఫోలిక్ ఆమ్లం మీద, యాంటీబయాటిక్స్ మీద 1940 తర్వాత లెడర్లీ కంపెనీలో సుబ్బారావు నడిపిన పరిశోధన నేరుగా రోగులను చేరింది. దాని పక్కన గాజు గొట్టంలోని నీలం రంగు చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ మందు ఒక రోగానికో కొన్నింటికో పనికొస్తుంది. కొలత దాన్ని కనిపెట్టినవారు ఊహించని ప్రశ్నలకూ పనికొస్తుంది. 1959లో బార్ట్‌లెట్ ఇదే రసాయనాన్ని వేడితో జతచేసి మలిచిన పద్ధతి కణపొరల్లోని ఫాస్ఫోలిపిడ్ల లెక్కకు వాడుకలోకి వచ్చింది. నేటి ఆసుపత్రి యంత్రాలు చాలావాటిలో క్షయకరణిని మానేసి ఫాస్ఫోమాలిబ్డేట్‌ను అతినీలలోహిత కాంతిలో నేరుగా కొలుస్తున్నారు. అంటే ఫిస్కే, సుబ్బారావు ఎంచిన రసాయనం అక్కడ లేదు, ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌తో పట్టే పునాది మాత్రం ఉంది. పనిముట్టు పాతబడవచ్చు. ఆలస్యంగా వచ్చిన నీలాన్ని పొరపాటుగా కొట్టిపారేయకుండా ఆగి చూడగలిగే ధైర్యాన్ని 1927లో ఇచ్చింది మాత్రం ఆ పనిముట్టు మీద ఉన్న నమ్మకమే.