సాంచ ఆగిన ఇంట్లో బీడీల చేట



నిరుద్యోగం అనగానే మన కళ్లముందు మెదిలేది డిగ్రీ కాగితాలు చేతబట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే కుర్రవాడు. కాని చేతిలో విద్య ఉండి, ఇంట్లో మగ్గం ఉండి, పనిలేక కూర్చున్న ఊరు ఒకటుంది. అది సిరిసిల్ల. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలోది, 2016లో తానే ఒక జిల్లాకు కేంద్రమైంది. మనం చీర లోపల కట్టుకునే లంగా గుడ్డ ఎంతో కాలంగా నేస్తున్నది ఆ ఊరివాళ్లేనని మనలో ఎందరికి తెలుసు?

మానేరు ఒడ్డునున్న ఈ ఊళ్లో పూర్వం చేనేత మగ్గాలుండేవి. ఆ నేతతో పొట్ట గడవక పద్మశాలీలు బొంబాయికీ, భీవండికీ, షోలాపూరుకూ వలసపోయి, కరెంటు మగ్గాల మీద పని చేశారు. ఆ మరమగ్గాలు తరవాత సిరిసిల్లకూ వచ్చాయి. అక్కడ వాటిని సాంచాలంటారు. వేలకొద్దీ సాంచాల చప్పుడుతో వీధులు మారుమోగేవి.

అయితే సాంచ ఇంట్లో ఉన్నంత మాత్రాన పని మన చేతిలో ఉన్నట్టు కాదు సుమండీ. నూలు ఇచ్చేది పెద్ద యజమాని. నాలుగైదు సాంచాలున్న ఆసామి ఆ నూలు తెచ్చి నేయిస్తాడు. కార్మికుడు మీటర్ల లెక్కన కూలి తీసుకుంటాడు. యజమాని గోదాములో గుడ్డ అమ్ముడుపోక పేరుకుపోయిందా, నూలు ఆగుతుంది. నూలు ఆగితే ఆసామీ, కార్మికుడూ ఒకేరోజు ఖాళీ. ఒక పక్క నూలు ధర, కరెంటు బిల్లు పెరుగుతుంటే, ఇంకో పక్క సూరత్, భీవండిల నుంచి చవకగా గుడ్డ వచ్చి పడుతుండె. పక్కనే ఆదిలాబాదు నిండా పత్తి పండుతుంది. అక్కడి జిన్నింగ్ మిల్లులు గింజ తీసి బేళ్లు కడితే అవి ఎక్కడెక్కడికో పోతాయి. సిరిసిల్ల సాంచల మీద ఆడేది మాత్రం ఎక్కువగా బయటినుంచి వచ్చే పాలిస్టరు నూలు! నాకైతే ఇది ఎప్పటికీ మింగుడుపడదు.

1990ల చివరినుంచి అప్పుల బాధతో నేతన్నల ఆత్మహత్యలు వరసగా జరిగాయి. సిరిసిల్లను 'ఉరిసిల్ల' అన్నారు జనం. పోయినవాళ్ల సంగతి పేపర్లో పడింది. మిగిలిన ఇంటిని నడిపినవాళ్ల సంగతి అంతగా పడలేదు.

ఆ ఇళ్లను చాలావరకు నడిపింది బీడీ. ఆదిలాబాదు వంటి అడవి జిల్లాల తునికాకు నానబెట్టి, కొలత పెట్టి కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టాలి. వెయ్యి బీడీలకింత అని కూలి. ఒళ్లో చేట పెట్టుకుని కూర్చున్న మనిషి నడుము ఎత్తేసరికి పొద్దుగూకుతుంది. మధ్యలో వంటా, నీళ్లూ, పిల్లలూ ఎలాగూ తప్పవు. ఇంత చేసినా కార్ఖానా నెల పొడుగునా పని ఇవ్వదు. సరిగా లేవని కొన్ని బీడీలు తీసిపారేస్తుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు 'పిల్లకు బీడీలు వచ్చునా? పీఎఫ్ కార్డు ఉందా?' అని అడగడం ఈ ప్రాంతాల్లో మామూలు మాట. మగవాడి పని నమ్మకం లేనిదయ్యేసరికి ఆడపిల్ల వేళ్లే కట్నం కింద జమ అయ్యాయి. బడి మానిపించి చేట ముందు కూర్చోబెట్టిన పిల్లలెందరో! ఏ సాంచ ఎన్నాళ్లు ఆగిందో లెక్క తీస్తారుగాని, అందుకోసం ఏ పిల్ల ఏ తరగతిలో ఆగిందో ఎవరు లెక్క తీస్తారు?

2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల నేత సిరిసిల్లకు అప్పగించింది. ఏటా సుమారు కోటి చీరలు. మొదటి ఏడు వ్యవధి చాలక కొన్ని సూరత్ నుంచి తెప్పించారు, బాగాలేవని ఆడవాళ్లు అలిగారు కూడా. ఏమైతేనేం, తరవాతి ఏళ్లలో సాంచాలకు చేతినిండా పని దొరికింది. వలసపోయినవాళ్లు కొందరు తిరిగివచ్చారు. 2023 తరవాత ఆ చీరలు ఆగాయి. 2024లో సాంచాలు మళ్లీ మూగబోయాయి, మళ్లీ చావుకబుర్లు విన్నాం. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు వాడు చెయ్యి వెనక్కి తీసుకుంటే ఊరంతా పస్తే కదా!

ఆ పైన మహిళా సంఘాల సభ్యులకు ఇచ్చే ఇందిరా మహిళా శక్తి చీరల ఆర్డరు సిరిసిల్లకే వచ్చింది, 2025 నవంబరులో పంచడం మొదలుపెట్టారు. ఆ నేత ఏడాదిలో కొన్ని నెలలదే. తక్కిన నెలలకు ఆసాములు మళ్లీ లంగా గుడ్డకే నూలు వెతుక్కోవాలి, వాళ్ల ఇల్లాళ్లు మళ్లీ కార్ఖానాకు ఆకు కోసం పోవాలి.