లూసీ, వాళ్ళాయన, మా అత్తయ్యగారు

మా అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు. అయినా మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మాయి లాప్‌టాప్‌లో ‘ఐ లవ్ లూసీ’ పెడితే, నడుం వాల్చినావిడ కూడా లేచొచ్చి కూర్చుంటారు. ఆవిడ మొదట చూసింది చాక్లెట్ల ఫ్యాక్టరీ ఎపిసోడ్. లూసీ, పక్కింటి ఎథెల్ పనిలో చేరతారు. బెల్టు మీద వచ్చే చాక్లెట్లకి కాగితాలు చుట్టాలి. బెల్టు వేగం పెరిగేసరికి చుట్టలేక నోట్లో కుక్కుకుంటారు, టోపీల్లో దాచేస్తారు. ఇక్కడ ఇంట్లో మగవాళ్ళిద్దరూ వంటకి దిగారు. బియ్యం లెక్క తెలీక అన్నం పొంగి పొయ్యంతా, నేలంతా పారింది. అత్తయ్యగారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

నవ్వడం అయ్యాక అడిగారు, “వీళ్ళు నిజంగా మొగుడూ పెళ్ళాలేనా అమ్మాయ్?”

“నిజంగానే అత్తయ్యా” అన్నాను. అంతవరకే చెప్పాను. మిగతా కథ మీకు చెబుతాను.

లూసీగా వేసినావిడ పేరు లూసిల్ బాల్. రికీగా వేసినాయన డెసీ ఆర్నాజ్. ఆయన క్యూబాలో పుట్టాడు. 1933లో అక్కడ ప్రభుత్వం కూలిపోయాక ఆ కుటుంబం ఆస్తంతా పోగొట్టుకుంది. అమెరికా వచ్చి డోలు వాయిస్తూ, పాటలు పాడుతూ పైకొచ్చాడు. 1940లో ఒక సినిమా షూటింగులో కలిశారు, ఆ ఏడాది నవంబరులోనే పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ ఆయనకంటే దాదాపు ఆరేళ్ళు పెద్ద. ఈ రోజుల్లోనే మన చుట్టాలు నోళ్ళు నొక్కుకుంటారు కదా, అప్పుడెలా ఉండి ఉంటుందో!

పెళ్ళయితే అయింది గానీ కాపురం ఎక్కడ? ఆయన రాత్రిళ్ళు క్లబ్బుల్లో పాడి తెల్లవారుజామున ఇంటికొచ్చేసరికి ఆవిడ స్టూడియోకి బయల్దేరేది. లేదంటే ఆయన బ్యాండుతో ఊళ్ళు తిరుగుతూ ఉండేవాడు. 1944లో విడాకులకే వెళ్ళి, మళ్ళీ కలిసిపోయారు. కడుపు నిలవని దుఃఖం ఒకటి.

అప్పటికి లూసిల్ రేడియోలో ‘మై ఫేవరెట్ హస్బెండ్’ అని ఒక హాస్య నాటకం చేస్తోంది. సీబీఎస్ వాళ్ళు దాన్ని టీవీకి చేద్దామన్నారు. ఆవిడ ఒకటే పట్టు పట్టింది. భర్త వేషం మా ఆయనకే ఇవ్వాలని. యాసతో మాట్లాడే క్యూబా మనిషిని అమెరికా అమ్మాయికి మొగుడంటే జనం ఒప్పుకోరన్నారు వాళ్ళు. అప్పటికి వాళ్ళ పెళ్ళయి పదేళ్ళు! అందుకే 1950లో ఇద్దరూ కలిసి ఊరూరా స్టేజి మీద ప్రదర్శనలిచ్చి, జనం ఒప్పుకుంటారో లేదో చూడండి అని చూపించారు. ఆవిడకి కావలసింది టీవీలో పేరు కాదు, భర్త ఒక్క ఊళ్ళో ఉండడం. నాకు ఈ సీరియల్ అంటే ఇంత ఇష్టం ఎందుకంటే ఇందుకే.

ఇద్దరి పేర్లూ కలిపి కంపెనీ పెట్టుకున్నారు, ‘దేసిలూ’ అని. (“దేశీలా? మనవాళ్ళేనా?” అన్నారు అత్తయ్యగారు.) అప్పట్లో పెద్ద కార్యక్రమాలు న్యూయార్క్ నుంచి లైవ్‌గా వచ్చేవి. దూరపు ఊళ్ళవాళ్ళకి టీవీ తెర మీది బొమ్మనే ఫిల్ము తీసి పంపేవారు, అది మసకమసగ్గా ఉండేది. వీళ్ళేమో హాలీవుడ్‌లో ఇల్లు వదిలి రామన్నారు. ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో సినిమా ఫిల్ము మీదే తీస్తామన్నారు. ఖర్చు ఎక్కువవుతుందంటే వారానికి వెయ్యి డాలర్ల చొప్పున జీతం తగ్గించుకుని, బదులుగా ఆ రీళ్ళ మీద హక్కు తీసుకున్నారు. ఒకసారి వేసిన ఎపిసోడ్‌ని మళ్ళీ వేసి డబ్బు చేసుకోవచ్చని అప్పుడు ఎవరికి తెలుసు? తర్వాత ఆ రీళ్ళని సీబీఎస్‌కే లక్షల డాలర్లకి అమ్మారు. ఇంట్లో చీటీల లెక్కలు చూసే నాకు ఈ బేరం చదివినప్పుడు భలే ముచ్చటేసింది.

1951 జూలై 17న కూతురు పుట్టింది. లూసిల్‌కి నలభై నిండటానికి ఇంకా 20 రోజులు. అక్టోబరు 15న మొదటి ఎపిసోడ్ వచ్చింది. అంటే మూడు నెలల పసిబిడ్డని ఇంట్లో పెట్టుకుని ఆ గెంతులూ ఆ పల్టీలూ!

మరుసటి ఏడాది మళ్ళీ నెల తప్పింది. సీరియల్ ఆపేస్తారనుకున్నారు అందరూ. కథలో లూసీకి కూడా కడుపు పెట్టేద్దాం అన్నారు వీళ్ళు. అమెరికా టీవీలో అప్పటికి భార్యాభర్తల మంచాలే విడివిడిగా చూపించేవారు, ఇక కడుపుతో ఉన్న మనిషినా? స్పాన్సరు సిగరెట్ కంపెనీ, వాళ్ళూ భయపడ్డారు. చివరికి ఒప్పుకున్నారు గానీ, ‘గర్భిణి’ అన్న మాట మాత్రం పలకకూడదట. స్క్రిప్టుల్ని ముగ్గురు మతపెద్దలకి చూపించారు. బిడ్డ కోసం ‘ఎదురుచూస్తోంది’ అని సరిపెట్టుకున్నారు. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. నీళ్ళోసుకుంది, నెల తప్పింది, ఒట్టి మనిషి కాదు... మన అమ్మమ్మలు ఆ మాట పలక్కుండానే ఎన్ని మాటలు పుట్టించారో! వాళ్ళని అడిగి ఉంటే డజను చెప్పేవారు.

లూసీ రికీకి ఆ సంగతి చెప్పే ఎపిసోడ్ 1952 డిసెంబరు 8న వచ్చింది. పొద్దుట్నుంచీ చెప్పాలని చూస్తుంది, ఏదో ఒక అడ్డం. చివరికి ఆయన పాడే క్లబ్బుకి వెళ్ళి పేరు లేని చీటీ పంపుతుంది, ఒక జంటకి బిడ్డ పుట్టబోతోంది, వాళ్ళ కోసం ఒక పాట పాడమని. ఆయన ఆ జంట ఎవరా అని బల్లబల్లకీ తిరుగుతాడు. లూసీ కూర్చున్న బల్ల దగ్గరికొచ్చి దాటిపోబోయి ఆగుతాడు. ఆవిడ తలూపుతుంది. అక్కడ ఇద్దరూ ఏడ్చేశారు. అది నటన కాదు, అలాగే ఉంచేశారు. బి.ఏ.లో ‘పారిజాతాపహరణం’ చదువుతూ ప్రణయకలహాల గురించి పేజీలు పేజీలు రాశాను గానీ, కలహం లేని ప్రణయం కూడా ఇంత బాగుంటుందని ఈ సీన్‌లోనే తెలిసింది.

1953 జనవరి 19 సోమవారం పొద్దున లూసిల్‌కి ఆపరేషన్ చేసి కొడుకుని తీశారు. ఆ రాత్రి టీవీలో లూసీకీ కొడుకే పుట్టాడు. కథలో మగపిల్లాడని నెలల ముందే రాసిపెట్టుకున్నారు మరి! ఆ ఎపిసోడ్‌ని సుమారు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తే అంతమంది చూడలేదు.

నచ్చనివీ చెప్పాలి. లూసీకి స్టేజి ఎక్కాలని ఆశ, రికీ వద్దంటాడు, ఇంటిపని చూసుకోమంటాడు. కోపమొస్తే చిన్నపిల్లని కొట్టినట్టు ఒళ్ళో వేసుకుని కొడతాడు. జనం నవ్వుతారు, నాకు నవ్వు రాదు. పైగా బయట ఆయనకంటే పెద్ద స్టార్ ఆవిడే. ఎథెల్ వేసిన వివియన్ వాన్స్‌కి భర్తగా పెట్టింది ఆవిడకంటే 22 ఏళ్ళు పెద్దాయన్ని, ఆవిడ అది ఎప్పుడూ దిగమింగలేకపోయింది.

వారం వారం వచ్చే ఆ సీరియల్ 180 ఎపిసోడ్లు నడిచి 1957లో ఆగింది. తర్వాత అదే జంటతో గంటసేపు కార్యక్రమాలు చేశారు. పని పెరిగింది, డెసీ తాగుడూ పెరిగింది. పరాయి ఆడవాళ్ళ సంగతులూ ఉన్నాయి. 1960 మార్చి 2న, ఆయన పుట్టినరోజు నాడే, ఆఖరి షూటింగ్. సీన్ చివర ఇద్దరూ ముద్దు పెట్టుకోవాలి, పెట్టుకున్నారు. మర్నాడు ఆవిడ విడాకులకి దరఖాస్తు చేసింది.

ఒక్క ఊళ్ళో ఉందామని మొదలుపెట్టిన పని కదా అది. ఒక్క ఊళ్ళో ఉన్నారు, ఒకే సెట్టు మీద ఉన్నారు. అయినా అలా అయింది.

1962లో ఆవిడ ఆయన వాటా కొనేసి దేసిలూకి తనే అధిపతి అయింది. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్ ఇంపాజిబుల్’ సీరియళ్ళు ఆ కంపెనీవే. ఇద్దరూ మళ్ళీ వేరే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, మాటలు మాత్రం మానలేదు. 1986 డిసెంబరు 2న డెసీ పోయాడు. అయిదు రోజులకి వాషింగ్టన్‌లో ఆవిడకి కెనడీ సెంటర్ సన్మానం. ఆయన ముందే రాసి ఉంచిన సందేశం అక్కడ చదివారు. ఆ సీరియల్ పేరు ఊరికే పెట్టిన పేరు కాదు అన్నాడు అందులో. ఆవిడ ముఖం వీడియోలో చూడండి, నేను వర్ణించలేను.

మొన్న అత్తయ్యగారికి విడాకుల సంగతి చెప్పేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “పిల్లలు ఎవరి దగ్గరున్నారు?” అన్నారు.

“తల్లి దగ్గరే అత్తయ్యా.”

“సరేలే. ఆ మిఠాయిలది పెట్టు ఇంకోసారి” అని కళ్ళద్దాలు పెట్టుకున్నారు.