రాజు వదిలి వెళ్లిన కళింగనగరం

టెక్కలి, పలాస వాళ్లకి శ్రీముఖలింగమంటే శివరాత్రి. జాగారం, ఆ తర్వాత వంశధారలో చక్రతీర్థ స్నానం, ఒడిశా నుంచి దిగే జనం, తోపులాట, మళ్లీ ఇల్లు. ఆ తోపులాటలో మన కాళ్ల కింద ఉన్నది తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా ఆ మాట ఎత్తరు.

గాంగుల శకం క్రీ.శ. 498లో మొదలైంది. వాళ్ల రాగి శాసనాల్లో చాలావాటిని కళింగనగరం నుంచే ఇచ్చారు. వాళ్ల కులదైవం మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుడు. వాన వెలిసిన రోజున మందస దారిలో నిలబడితే ఆ కొండ మనకీ కనిపిస్తుంది. ఆ నగరం కళింగపట్నమేనని కొందరు పండితులు అనుకునేవారు. కాదు, ముఖలింగమేనని వాదించినవాడు మన గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నాడు. అదంతా 1890ల మాట. అప్పటికి నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు కూడా లేదు, అది పడింది 1900లో. వ్యావహారిక భాష గిడుగుని అందరూ తలుచుకుంటారు గానీ శాసనాల గిడుగు ఎవరికీ గుర్తు రాడు.

ఊళ్లోకి అడుగుపెట్టగానే సోమేశ్వరాలయం ఎదురవుతుంది. ముందు మండపమేమీ లేదు. ఒక్కటే గర్భగుడి, దాని మీద నిటారుగా లేచిన కళింగ శిఖరం. లోపలికి వెళ్తే భీమేశ్వరుడు, అసలు దేవుడు మధుకేశ్వరుడు. ఇప్పచెట్టు మొదట్లో వెలిశాడని, ఆ కథలో సవరల దొర ఉన్నాడని పెద్దలు చెబుతారు. మా టెక్కలి పక్కన రావివలస ఎండల మల్లన్నకి నెత్తిన కప్పే లేదు. ఇక్కడ రాయి మీద రాయి, అంగుళం ఖాళీ లేకుండా చెక్కడం.

నగరమేదని అడిగితే మాత్రం చూపించడానికి కోటా లేదు, రాజమందిరమూ లేదు. పక్క పల్లె నగరికటకం పేరులో మాత్రం రాజధాని మిగిలింది. వీధులు చూద్దామని వచ్చినవాడు నిరాశపడతాడు. చూడాల్సింది మధుకేశ్వరాలయం స్తంభాలని. కొన్ని తెలుగులో, కొన్ని సంస్కృతంలో, పదకొండు, పన్నెండు శతాబ్దాల శాసనాలు వాటి మీద కిక్కిరిసి ఉన్నాయి. ఎక్కువ భాగం అఖండ దీపాల లెక్కలే. ఏ శక సంవత్సరంలో, ఏ రాజు ఏలుబడిలో, ఎవరు ఎన్ని మాడలిచ్చి దీపం పెట్టించారన్నదే వాటిలో సంగతి. ఇచ్చినవాళ్లలో రాణులున్నారు, రాజోద్యోగులున్నారు. యుద్ధాల గొప్పలు చెప్పే ప్రశస్తుల కన్నా నాకు ఈ నూనె లెక్కలే ఇష్టం. ఆ ఊళ్లో ఎవరి దగ్గర డబ్బు ఆడేదో, ఎవరికి పుణ్యం కావలసి వచ్చిందో వీటిలోనే తెలుస్తుంది. చాలావరకు దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో అచ్చయి ఉన్నాయి. శివరాత్రికి వెళ్లకండి. మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి, ఏటవాలు ఎండలో అక్షరాలు పైకి తేలతాయి.

నగరం ఎందుకు ఆగిపోయిందంటే రాజు వెళ్లిపోయాడు. చోళుల ఆడపడుచు రాజసుందరి కొడుకు అనంతవర్మ చోడగంగ 1078లో పట్టానికొచ్చాడు, 1147 దాకా ఏలాడు. ఉత్కళాన్ని కలుపుకున్నాక కొలువుని కటకానికి (ఇప్పటి కటక్‌కి) మార్చాడు. పూరీ జగన్నాథుడి పెద్దగుడి మొదలుపెట్టింది ఆయనే. రథయాత్రకి మన వైపు నుంచి జనం కిక్కిరిసి వెళ్తారు, ఆ రాజు మన పొరుగూరి నుంచే వెళ్లాడని మాత్రం ఎవరూ అనగా వినలేదు.

బెల్జియంలో బ్రూజ్ అనే కాలువల పట్నం కథా ఇలాంటిదే. సముద్రానికి దారిచ్చే పాయ ఇసుకతో పూడింది, వర్తకం ఆంట్‌వెర్ప్‌కి తరలింది. పాతవి కూల్చి కొత్తవి కట్టే అవసరం రాలేదు గనక ఇళ్లు నిలిచాయి, 2000లో యునెస్కో జాబితాకెక్కాయి. కొలువు ఇక్కడే ఉండి ఉంటే మన మూడు గుళ్లనీ ఎవరో ఒకరు పెంచి, మార్చి, మళ్లీ కట్టేవారేనని నా అనుమానం.

బ్రూజ్‌లో కాలువలు ఊళ్లోనే ఉన్నాయి. మన కాలువ ఎనిమిది వందల ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. ముఖలింగానికి ఎగువన హిరమండలం దగ్గర వంశధార మీద గొట్టా బ్యారేజీ కట్టి, ఎడమ కాలువని టెక్కలి మీదుగా పలాస, వజ్రపుకొత్తూరు వైపు నూటనాలుగు కిలోమీటర్లు తవ్వారు. 2023 డిసెంబరు నుంచి కిడ్నీ జబ్బుల ఉద్దానానికి హిరమండలం నీళ్లు గొట్టాల్లో కూడా వస్తున్నాయి. కళింగనగరం తాగిన ఏరే అది. కాలువ శివారు రైతులు మాత్రం నాట్ల వేళకి ఇప్పటికీ గొట్టా వైపే చూస్తుంటారు.