‘ఐస్‌బేరెన్’ - ఒక డచ్చి క్రియ చరిత్ర

ఒక జాతివారు దేనిని చూచి మాట కల్పించుకొనిరో తెలిసిననేగాని ఆ మాటకు నిండైన అర్థము తెలియదు. డచ్చి భాషలోని ‘ఐస్‌బేరెన్’ అను క్రియ ఇందులకు చక్కని ఉదాహరణము. చింతచేతనో, ఎదురుచూపుచేతనో ఒకచోట నిలువలేక, ముందునకును వెనుకకును మరల మరల నడచుట దీని అర్థము.

‘ఐస్’ అనగా మంచు. ‘బేర్’ అనగా ఎలుగుబంటి. రెండును గలిసి ధ్రువప్రాంతపు తెల్ల ఎలుగుబంటికి పేరైనది. ఆ నామముపై ‘ఎన్’ ప్రత్యయము చేరగా క్రియ ఏర్పడినది. నామమునకు బహువచనరూపమును ఇదియే.

ఈ జంతువును డచ్చి నావికులు పూర్వమే ఎరుగుదురు. ఉత్తరసముద్రముల మీదుగా చీనాకు దారి వెదకుచు విల్లెమ్ బారెంట్స్ 1594, 1595, 1596 సంవత్సరములలో మూడు యాత్రలు చేసెను. రెండవ యాత్రలో ఇద్దరు నావికులు ఎలుగుబంటి వాతబడిరి. మూడవ యాత్రలో ఓడ మంచున చిక్కుకొనగా, నావికులు నోవయా జెమ్ల్యా దీవిలో చెక్కయిల్లు గట్టుకొని శీతకాలము గడపిరి. 1597లో తిరుగుప్రయాణమున బారెంట్స్ మరణించెను. ఉత్తరపు దారి దొరకలేదు. ఆఫ్రికాను చుట్టివచ్చు దారియే స్థిరపడినది. ఆ దారిని వచ్చిన డచ్చివారే మచిలీబందరున వర్తకశాలను, 1610లో పులికాటున స్థావరమును నెలకొల్పిరి. నేడు తమిళనాడున నున్న ఆ పులికాటు మన ప్రళయకావేరి తీరమే.

అయినను ఈ క్రియలో కనబడునది నావికులను బెదరించిన ఎలుగుబంటి కాదు, బోనులోని ఎలుగుబంటి. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఆర్టిస్ జంతుశాల 1838లో వెలసినది. అట్టి జంతుశాలలలో బంధింపబడిన తెల్ల ఎలుగు, గోడ నుండి గోడకు ఎడతెగక తిరుగుట జనులు చూచిరి. అది సహజముగా మిక్కిలి విశాలమైన ప్రదేశమున సంచరించు ప్రాణి. జంతుశాలలో దానికి దక్కు చోటు, అడవిలో దాని కనీస సంచారభూమిలో సుమారు పది లక్షలలో ఒక వంతు మాత్రమేయని 2003లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. ఆ నడక వెనుకనున్న బాధ యిది.

ఇతరభాషలలోనికి ఈ క్రియ పోవునపుడు జంతువు మారును, లేదా మాయమగును. జర్మనులు పులిపేరున ‘టీగెర్న్’ అను క్రియను జేసికొనిరి. ఫ్రెంచివారు బోనులోని సింహమువలె తిరుగుట యందురు. ‘నూరడుగులు వేయుట’ యనియు వారికి మరియొక పలుకుబడి గలదు. ఆంగ్లమున ముందునకు వెనుకకు అడుగులు వేయుటయను భావమే మిగులును, మృగము కనబడదు.

తెలుగున ‘పచార్లు చేయుట’ నడకను జెప్పును గాని కలతను జెప్పదు. భోజనానంతరము తీరికగా తిరుగువాడును పచార్లు చేయువాడే. కలతను జెప్పుటకు ‘కాలుగాలిన పిల్లి’ కలదు. తమిళులు దాదాపు ఇదే సందర్భమున పిల్లలను బెట్టిన పిల్లిని తలచుదురు. మన పిల్లికి మంట, తమిళుల పిల్లికి పిల్లలపై దిగులు, డచ్చివారి ఎలుగునకు చెర: తిరుగుట యొక్కటే, కారణములు వేరు.

కావున నిఘంటువు ఇచ్చు ఒంటిమాట అనువాదమునకు చాలదు. పరభాషల నడుమ తరతరములుగా నివసించు తెలుగువారికి ఇది మరింత ముఖ్యము. తమిళనాట పెరుగు తెలుగు బాలునికి పొరుగువారి పిల్లియు తెలియవలసినదే. అందువలన వానికి నష్టము లేదు. కాని ఇంటిలో పెద్దలు పలుకకున్నచో, కాలుగాలిన పిల్లి వానికి తెలియకయే పోవును. అప్పుడు వానియొద్ద మాట మిగులును, అందులోని చూపు మిగులదు.