బట్టిపనుకుల గాం సోదరులు: మన్యపు పితూరీలో ఒక కుటుంబ చరిత్ర

మైదానము ముగిసి మన్యము మొదలగు చోట మన నర్సీపట్నము ఉన్నది. ఈ శతాబ్ది సంచికలో మన సంఘ చరిత్రతో పాటు, మన పొరుగున ఉన్న కొండ ప్రజలు అనుభవించిన కష్టములను కూడ తలచుకొనుట ధర్మమని మేము భావించితిమి. అందుకై గాం వారి కుటుంబమును ఎంచుకొంటిమి.

గొలుగొండ జమీ శిస్తు బకాయిల క్రింద 1837లో ప్రభుత్వము చేతికి వచ్చినది. 1839 చట్టముతో ఏజెన్సీ ప్రాంతము సాధారణ న్యాయస్థానముల పరిధి నుండి వేరైనది. కొండలలో కొన్ని గ్రామములు కలిసి ఒక ముఠా. దాని పెద్ద ముఠాదారు. శిస్తు వసూలు, ఊరి తగవులు వారి చేతిమీదుగానే జరిగెడివి. 1882 అటవీ చట్టము వచ్చిన పిమ్మట పోడు వ్యవసాయమునకు, అడవి సరకుకు ఆంక్షలు పెరిగినవి. తాతల నాటి నుండి కొట్టుకొన్న పోడు నేరమైనది.

గాం గంటం దొర బట్టిపనుకుల గ్రామ మునసబు. ఆయన తమ్ముడు మల్లు దొర. ఆ రోజులలో గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా రోడ్డు వేయించుచు, కొండవారికి న్యాయమైన కూలి ఇచ్చెడివాడు కాదు. అతనితో వచ్చిన విరోధములో గంటం దొర మునసబు పని పోయినది. ఉద్యోగము పోవుట అనగా కొండలలో ఇంటి మర్యాద పోవుటయే. అన్నదమ్ములిద్దరు అల్లూరి సీతారామరాజు గారి పక్షమున చేరిరి.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషనులపై దాడి జరిగినది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను దొరలు మరణించిరి. వారి సమాధులు మన నర్సీపట్నములోనే కలవు. ప్రభుత్వము మలబారు పోలీసులను, 1924 జనవరిలో అస్సాం రైఫిల్సును దింపినది. గ్రామముల మీద శిక్షాపన్ను వేసిరి. తిరుగుబాటుదారులకు గింజలు పెట్టిన పోలీసుల భయము, పెట్టకున్న సొంత మనుష్యులకు దూరము. ఈ రెంటి నడుమ నలిగినది ఆడవారు, పిల్లలు, పంట వేయలేని రైతులు.

మల్లు దొర 1923 సెప్టెంబరులో పట్టుబడిరి. రాజు గారు 1924 మే 7న కొయ్యూరు వద్ద కాల్చబడిరి. సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. జూన్‌లో గంటం దొర పోరాడుచు ప్రాణములు విడిచిరి. మల్లు దొరకు పడిన మరణశిక్ష ప్రవాసముగా మారి, ఆయన అండమాన్ చేరిరి.

విడుదలై వచ్చిన ఆ మల్లు దొర గారినే 1952 తొలి ఎన్నికలలో విశాఖపట్నం నుండి ప్రజలు లోక్‌సభకు పంపిరి. దొరతనము రాజద్రోహి అన్న వానిని ప్రజలు తమ ప్రతినిధిగా ఎన్నుకొనిరి. 2022లో ఏర్పడిన మన్యపు జిల్లాకు అల్లూరి సీతారామరాజు గారి పేరు పెట్టిరి. కాని మునసబు పని పోగొట్టుకొన్న అన్నను, సముద్రము దాటిన తమ్ముని తలచువారు తక్కువ.

మన ఊరి నేలలో దొరల సమాధులున్నవి. కొండ దారిలో పేరు చెక్కని గోతులెన్నో ఉన్నవి. రెండు వైపులా కన్నీరు కార్చిన తల్లులున్నారు. లంబసింగి రోడ్డున బస్సులో పోవునప్పుడు, చాలని కూలికి ఆ రాళ్లు కొట్టిన చేతులను మన పిల్లలకు జ్ఞాపకము చేయుదము.